వాడపల్లి నుంచి చూస్తే పట్నం

మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా దక్షిణానికి పోతే వాడపల్లి వస్తుంది. మూసీ అక్కడ కృష్ణలో కలుస్తుంది. సంగమం దగ్గర మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నాయి. పుష్కరాలకు, పండుగలకు జనం వచ్చి అక్కడ మునకలేస్తారు. భక్తుల కంటికి అది రెండు నదుల కలయిక. నీటి లెక్కలు తెలిసినవారికి మాత్రం రెండు దారుల్లో విడిపోయి వచ్చిన ఒకే నీరు మళ్లీ అక్కడ కలుసుకుంటున్నట్టు కనిపిస్తుంది.

ఎట్లాగంటే, వాడపల్లికి ఎగువన నాగార్జునసాగర్ ఉంది. ఆ జలాశయం నీటిలో కొంత డ్యామ్ దాటి నేరుగా కిందికి పారి వాడపల్లి చేరుతుంది. ఇంకొంత నీటిని పుట్టంగండి దగ్గర పెద్ద మోటార్లు పైకి ఎత్తిపోస్తాయి. అది అక్కంపల్లి రిజర్వాయర్‌లో ఆగి, కోదండాపూర్‌లో శుద్ధి అయి, పైపుల్లో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ నల్లాల్లో పడుతుంది. జనం తాగగా, వండుకోగా, స్నానాలు చేసి గిన్నెలు కడుక్కోగా మిగిలిన నీరు మోరీల గుండా మూసీలోకి దిగుతుంది. మూసీ దాన్ని పోచంపల్లి, వలిగొండ ప్రాంతాల మీదుగా మోసుకొస్తుంది. సూర్యాపేటకు దగ్గర్లో సోలిపేట వద్ద కట్టిన మూసీ ప్రాజెక్టులో ఆ నీరు కొన్నాళ్లు నిలుస్తుంది. చివరికి వాడపల్లిలో కృష్ణ ఒడికి చేరుతుంది. సాగర్‌లో విడిపోయిన రెండు నీటి చుక్కల్లో ఒకటి ఊరికే కిందికి దిగి వచ్చింది. రెండోది కొండంత ఎత్తెక్కి, ఒక మహానగరం కడుపులోంచి బయటపడి వచ్చింది.

మా వైపు హైదరాబాద్‌ను పట్నం అంటాం. చదువుకు పట్నం, ఆపరేషన్‌కు పట్నం, పనికి పట్నం. మహానగరాల గురించిన పుస్తకాలు సాధారణంగా నగరం నడిబొడ్డున నిలబడి మాట్లాడతాయి. ఈ అధ్యాయంలో మనం వాడపల్లి గట్టు మీద నిలబడి పట్నాన్ని చూద్దాం. నగరానికి అసలు హద్దులు కార్పొరేషన్ పటంలో దొరకవు. దాని నల్లా మొదలయ్యే చోట ఒక హద్దు ఉంటుంది, దాని మోరీ ముగిసే చోట మరో హద్దు ఉంటుంది.

నూరు సూర్యాపేటలు, ఒక పట్నం

కోటి జనాభా దాటిన నగరాన్ని ఐక్యరాజ్యసమితి మెగాసిటీగా లెక్కిస్తుంది. 1950లో ప్రపంచం మొత్తం మీద అలాంటివి న్యూయార్క్, టోక్యో రెండే. ఇప్పుడవి ముప్పై దాటాయి. 2011 జనగణనలో హైదరాబాద్ నగర సముదాయం జనాభా 77 లక్షలు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి వేసిన అంచనాల్లో అది కోటి దాటింది. సూర్యాపేట జనాభా లక్షకు కొంత పైన. లెక్క తేలిగ్గా ఉండడానికి సూర్యాపేటను లక్షగా, పట్నాన్ని కోటిగా తీసుకుందాం. అంటే నూరు సూర్యాపేటలు కలిస్తే ఒక పట్నం.

మరి నూరు సూర్యాపేటలకు ఎంత రోడ్డు, ఎంత పైపు, ఎంత కరెంటు తీగ కావాలో పట్నానికీ అంతే కావాలా? నూరు సూర్యాపేటలు ఎంత సంపాదిస్తాయో పట్నమూ అంతే సంపాదిస్తుందా?

ఇలాంటి ప్రశ్నే మొదట జంతువుల విషయంలో వచ్చింది. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త రకరకాల జంతువుల బరువును, అవి ఖర్చు చేసే శక్తిని పక్కపక్కన పెట్టి చూశాడు. బరువు రెట్టింపైతే తిండి రెట్టింపు కానక్కర్లేదని, సుమారు 1.7 రెట్లు చాలని తేలింది. ఎలుక తన ఒంట్లోని ఒక్కో గ్రామును పోషించడానికి పెట్టే ఖర్చుతో పోలిస్తే ఏనుగుకు అయ్యేది చాలా తక్కువ. పెద్ద శరీరానికి పొదుపు తెలుసు.

2007లో లూయీ బెటన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్, వారి సహచరులు ఇదే చూపుతో నగరాలను పరిశీలించారు. అమెరికా, చైనా, ఐరోపా నగరాల గణాంకాలు ముందేసుకుంటే రెండు రకాల వరసలు కనిపించాయి. జనాభా రెట్టింపైనప్పుడు రోడ్లు, పైపులు, తీగల వంటివి సుమారు 1.8 రెట్లే పెరుగుతున్నాయి. ఆదాయం, కొత్త ఆవిష్కరణలు మాత్రం 2.2 రెట్ల దాకా పెరుగుతున్నాయి. రెట్టింపు దగ్గర ఈ తేడా చిన్నగా కనిపిస్తుంది. నూరు రెట్ల దగ్గరికి తీసుకుపోయి చూడండి. అదే సూత్రం ప్రకారం నూరు సూర్యాపేటలంత పట్నానికి యాభై సూర్యాపేటల రోడ్లు, పైపులు సరిపోతాయి. అది పుట్టించే సంపద మాత్రం రెండు వందల సూర్యాపేటలంత ఉంటుంది. మనిషికి లెక్కేస్తే ఖర్చు సగం, రాబడి రెండింతలు.

ఇది సగటు మీద నిలిచిన సూత్రమే. ఏ ఒక్క నగరమూ గీత గీసినట్టు దాని మీదే నడవదు, మన దేశపు నగరాలు కొంత అటూ ఇటూ ఉంటాయి. కానీ పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి పట్నం బస్సు ఎందుకు ఎప్పుడూ నిండే పోతుందో ఈ లెక్క చెప్పేస్తుంది.

దీని వెనక మాయ ఏమీ లేదు. పొదుపు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల వస్తుంది. ఒక వీధి పైపు ఇరవై ఇళ్లకు నీళ్లిస్తే ఒక ఖర్చు, అదే పొడవు పైపు రెండు వందల ఇళ్లకు ఇస్తే ఇంటికి పడే ఖర్చు పదో వంతు. రాబడి మనుషులు మనుషులకు తారసపడడం వల్ల వస్తుంది. లక్షలో ఒకరికి వచ్చే జబ్బు ఉందనుకోండి. సూర్యాపేటలో దానికి రోగి ఒక్కడే. ఆ ఒక్కడి కోసం ఏ డాక్టరూ జీవితమంతా ఆ జబ్బునే చదవలేడు. పట్నంలో వందమంది రోగులుంటారు కనుక ఆ జబ్బుకే ఒక నిపుణుడు, అతనికో పరీక్షల గది, అతని దగ్గర నేర్చుకునే శిష్యులు ఏర్పడతారు. అరుదైన నైపుణ్యం బతకడానికి గుంపు కావాలి. ఆ గుంపు పేరే నగరం.

అయితే తారసపడేది మంచి ఒక్కటే కాదు. బెటన్‌కోర్ట్ బృందం లెక్కల్లో అంటురోగాలు, నేరాలు కూడా ఆదాయం పెరిగిన తీరులోనే, జనాభాను మించి పెరిగాయి. ఆలోచనను ఒకరి నుంచి ఇంకొకరికి అందించే గాలే వైరస్‌నూ అందిస్తుంది. కాబట్టి నగరం పెద్దదైన కొద్దీ వచ్చే లాభాన్ని ఆనందంగా తీసుకోవాలి, దాని వెంట వచ్చే బిల్లును ఎవరు కడుతున్నారో కూడా అడగాలి. ఆ బిల్లు జాడ కోసం మన నీటి చుక్క వెంట నడుద్దాం.

నల్లా వెనక కొండ

హైదరాబాద్ 1591లో మూసీ ఒడ్డున పుట్టిన ఊరు. దాని తొలి దాహాన్ని చెరువులు, బావులు తీర్చాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఉప్పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ విషాదం తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే నగరానికి తాగునీళ్లయ్యాయి. నగరం కంటే ఎత్తున ఉన్నాయి గనుక నీరు తనంత తానే కిందికి దిగి వచ్చేది.

జనం పెరిగిన కొద్దీ నీళ్లు దూరమయ్యాయి. 1965లో మంజీర నీళ్లు వచ్చాయి, ఆ తర్వాత సింగూరు. అవీ చాలక 2004లో కృష్ణ మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ పూర్తయ్యాయి. ఆ వెంటనే ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైపులేసి గోదావరినీ తెచ్చారు. తన ఒడ్డున పారే నదిని వదిలేసి పట్నం రెండు మహానదుల దాకా చేతులు చాచింది.

ఆ చేతి బలం ఎంతో కొలుద్దాం. నాగార్జునసాగర్ నిండినప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి 180 మీటర్ల ఎత్తు. హైదరాబాద్ సగటు ఎత్తు సుమారు 540 మీటర్లు. తేడా 360 మీటర్లు. సాగర్ డ్యామ్‌ను 124 మీటర్ల ఎత్తున కట్టారు. అలాంటి డ్యాములు మూడు ఒకదాని నెత్తిన ఒకటి పెడితే ఎంతో, దాదాపు అంత ఎత్తుకు నీళ్లు ఎక్కాలి. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చాలంటే, భౌతికశాస్త్రం ప్రకారం తక్కువలో తక్కువ ఒక యూనిట్ కరెంటు కావాలి. పంపుల్లో పోయేది, పైపుల రాపిడిలో పోయేది దీనికి అదనం. కృష్ణ మూడు దశల సామర్థ్యం రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, అంటే సుమారు 123 కోట్ల లీటర్లు. పూర్తిగా నడిపితే ఒక్క రోజుకు పన్నెండు లక్షల యూనిట్లకు తగ్గదు. ఇదంతా నీటిని పైకెత్తడానికే.

అదే సాగర్ నుంచి ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు పోతుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేసిన ఈ ప్రాజెక్టు నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు పల్లం వెతుక్కుంటూ వాటంతట అవే పారతాయి. ఆ నీటితో పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమై పట్నం కుక్కర్లలో ఉడుకుతాయి. వాడపల్లి ఉన్న దామరచర్ల మండలంలోనే 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వెలిసింది. నీళ్లు, బియ్యం, కరెంటు మూడూ మన దిక్కు నుంచి పట్నానికి ఎక్కి పోతున్నాయి. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానలకు కోదాడ మునిగి, విజయవాడ రహదారి మీద రాకపోకలు తెగిపోయినప్పుడు ఈ బంధం ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో అందరికీ తెలిసొచ్చింది.

ఇక్కడ ఒక న్యాయం మాట చెప్పుకోవాలి. పట్నానికి కృష్ణ నీళ్లు మోసే పైపులు నడిచేది నల్లగొండ నేల మీద. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్న నేల అది. పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే పెట్టుకున్నారంటే ఇక్కడి బాధ ఎంత దూరం వినపడిందో తెలుస్తుంది. నదీజలాలు ఈ ఊళ్ల గడపలకు రావడానికి జనం ఏళ్ల తరబడి కొట్లాడాల్సి వచ్చింది. దూరాన ఉన్న పెద్ద దాహం పక్కనే ఉన్న చిన్న దాహాన్ని తోసుకుని ముందుకు పోగలదు. ఏ నదిని ఎవరికి పంచాలో తేల్చేటప్పుడు సంఖ్యాబలంతో పాటు ఈ సంగతీ గుర్తుండాలి.

మందు, విషం ఒక్క చోటే

ఇప్పుడు మన చుక్క నగరంలో ఉంది. నగరం దానితో ఏం చేసింది?

గొప్ప పనులు చేసింది. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. అక్కడ పని నేర్చిన రసాయనవేత్తలు ఊరు దాటి పోకుండా పక్కనే సొంత పరిశ్రమలు పెట్టారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. మందులు చేసేవాళ్లు, యంత్రాలు అమ్మేవాళ్లు, పరీక్షించేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు అందరూ ఒక్క బస్సు దూరంలో ఉండడమే హైదరాబాద్ బలమైంది. శాంతా బయోటెక్నిక్స్ కథ చూడండి. వరప్రసాద్ రెడ్డి మొదలుపెట్టిన ఆ సంస్థకు ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనశాలలో పనికి చోటు దొరికింది. 1997లో దేశంలోనే తొలిసారి జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో చేసిన హెపటైటిస్-బి టీకా అక్కడి నుంచి బయటికొచ్చింది. అంతకుముందు దిగుమతి టీకాను సామాన్యుడు కొనగలిగేవాడు కాదు. ధర అమాంతం పడిపోయింది. విశ్వవిద్యాలయం, పరిశోధనశాల, పెట్టుబడి, మార్కెట్ ఒకే ఊళ్లో ఉండకపోతే ఇది ఇంత తొందరగా అయ్యేది కాదు. నూరు సూర్యాపేటలు విడివిడిగా చేయలేనిదాన్ని ఒక పట్నం చేయగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఆ నాణేనికి రెండో వైపు 2007లోనే బయటపడింది. స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని ఉమ్మడిగా శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించింది. శుద్ధి అయిందనుకున్న ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే అది ఎక్కువ.

దీనివల్ల వచ్చే ముప్పు చేపలతో ఆగదు. నీటిలో కోట్లాది బ్యాక్టీరియా ఉంటాయి. మందు తగలగానే బలహీనమైనవి చస్తాయి, ఏదో మార్పు వల్ల తట్టుకున్నవి మిగులుతాయి. వాటికి పోటీ లేదు, తిండి దండిగా ఉంది. అవే పెరుగుతాయి. పైగా తట్టుకునే గుణాన్ని రాసుకున్న జన్యువుల తునకలను బ్యాక్టీరియా పక్కవాటికి అందించగలవు. నది ఒక పెద్ద బడి అవుతుంది, అక్కడ సూక్ష్మజీవులు మన మందుల మీద గెలవడం నేర్చుకుంటాయి. రేపు ఏదో ఆసుపత్రి మంచం మీద డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ పనిచేయకపోతే, అతని ఒంట్లోని సూక్ష్మజీవి ఆ పాఠం ఎక్కడ నేర్చిందో ఎవరూ చెప్పలేరు.

పటాన్‌చెరు వాగులు మంజీరలో కలుస్తాయి. మంజీర పాడవుతోందన్న గొడవ ముదిరాక, అక్కడ శుద్ధి చేసిన నీటిని పైపు వేసి అంబర్‌పేట వైపు, అంటే మూసీ వైపు మళ్లించారు. ఒక నది మీది బరువు ఇంకో నది నెత్తికెత్తారు. ఆ రెండో నదే మన దగ్గరికి వస్తుంది.

నది ఊపిరి

హైదరాబాద్ మహానగరపాలక సంస్థ పరిధిలోనే రోజుకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగునీరు పుడుతోందని 2021 నాటి లెక్క. అప్పటికున్న శుద్ధికేంద్రాల సామర్థ్యం 77 కోట్ల లీటర్లు, సగం కూడా లేదు. మిగిలిన నీళ్లకు మూసీయే దిక్కు. ఆ ఏడే 126 కోట్ల లీటర్ల సామర్థ్యంతో 31 కొత్త కేంద్రాలు కట్టే పని మొదలైంది. ఇది మెచ్చుకోవాల్సిన అడుగు.

165 కోట్ల లీటర్లంటే మనకు అలవాటైన కొలతలో చెప్పుకుందాం. ఏడాదికి అది 21 టీఎంసీలు. సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు పూర్తి సామర్థ్యం 4.46 టీఎంసీలు. అంటే పట్నం వదిలే వాడిన నీళ్లు మన మూసీ ప్రాజెక్టును ఏడాదికి నాలుగుసార్లు నింపి, ఇంకా మిగులుతాయి. ఈ జలాశయమే సూర్యాపేట తాగునీటికి చాలాకాలం ఆధారం.

మురుగు నదిని ఎలా చంపుతుంది? నీటిలో ఆక్సిజన్ కరిగి ఉంటుంది, చేప పీల్చేది దాన్నే. మన ఎండలకు 30 డిగ్రీలు ఉన్న నీటిలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. మురుగులోని మలినాన్ని బ్యాక్టీరియా తింటాయి, తినేటప్పుడు ఆక్సిజన్ వాడుకుంటాయి. ఇళ్ల నుంచి వచ్చే మామూలు మురుగు లీటరును పూర్తిగా అరిగించడానికి వాటికి దాదాపు 200 మిల్లీగ్రాములు కావాలి. అంటే ఒక లీటరు మురుగు ఇరవై అయిదు లీటర్లకు పైగా మంచినీటి ఊపిరి తీసేస్తుంది. ఎండాకాలం మూసీలో కలపడానికి అంత మంచినీరు ఎక్కడుంది? ఆక్సిజన్ అయిపోయాక గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పని అందుకుంటాయి. అవి వదిలేదే కుళ్లిన గుడ్ల వాసన. నురగ తేలుతుంది, గుర్రపుడెక్క పరుచుకుంటుంది.

అయినా మూసీ చావలేదు. దాన్ని కాపాడుతున్నవాటిలో మన పెద్దలు కట్టిన కత్వలు ముందుంటాయి. పిలాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, భీమలింగం, ఆసిఫ్‌నహర్ కాలువలకు నీళ్లు మళ్లించడానికి నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు ఇవి. పొలాలకు నీళ్లివ్వడానికే కట్టినా, నదికి వైద్యమూ చేస్తున్నాయి. కత్వ వెనక నీరు నిలబడ్డప్పుడు బురద అడుగున పడుతుంది, నులిపురుగుల గుడ్లు దానితోపాటే దిగిపోతాయి. ఎండ తగిలి రోగకారక క్రిములు చస్తాయి. కత్వ మీది నుంచి నీరు దూకినప్పుడు గాలి కలిసి ఆక్సిజన్ తిరిగి చేరుతుంది. నగరం దిగువన సుమారు 40 కిలోమీటర్ల మేర శాస్త్రవేత్తలు నీటిని పరీక్షించి చూస్తే, ఒక్కో కత్వ దాటిన కొద్దీ నీరు బాగుపడుతున్నట్టు తేలింది. కరెంటు లేకుండా, జీతాలు లేకుండా నడిచే శుద్ధికేంద్రాలవి.

కానీ కత్వలకు చేతకానివీ ఉన్నాయి. కరిగిన ఉప్పులు అడుగున పడవు, ఎండకు చావవు. పొలాల్లో పారి మళ్లీ నదిలోకి ఊరిన కొద్దీ నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. పరిశ్రమల రసాయనాలు, మందుల అవశేషాలు కూడా ఎండకూ గాలికీ అంత సులువుగా లొంగవు.

ఇక ఎరువు సంగతి. లీటరు మురుగులో మామూలుగా 40 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుందనుకుంటే, 165 కోట్ల లీటర్లలో రోజుకు 66 టన్నులు. అది 140 టన్నుల యూరియాకు సమానం. 45 కిలోల బస్తాలుగా లెక్కిస్తే రోజుకు మూడు వేల బస్తాలకు పైనే. యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి నిలబడే రైతు కళ్లముందే రోజూ ఇంత ఎరువు పారిపోతోంది. అదుపు లేకుండా వచ్చినప్పుడు అదే శాపం కూడా. నత్రజని ఎక్కువైన వరి ఆకుపచ్చగా ఏపుగా పెరిగి, పురుగు పట్టి, గాలికి పడిపోతుంది. గింజ మాత్రం నిండదు. ఎరువు ఉన్న నీటికి, విషం ఉన్న నీటికి మధ్య తేడాను మూసీ ఆయకట్టు రైతు తన పొలంలో రోజూ చూస్తున్నాడు.

లండన్ నేర్చుకున్న పాఠం

పట్నాన్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. పెద్ద నగరాలన్నీ మొదట ఇదే తప్పు చేశాయి. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు లండన్‌లో పార్లమెంటు సభ్యులే గదుల్లో కూర్చోలేకపోయారు. జోసెఫ్ బజల్‌జెట్ అనే ఇంజనీరు గొప్ప భూగర్భ మోరీలు కట్టించాడు. నగరం లోపల కలరా తగ్గింది. కానీ ఆ మోరీలు మురుగును శుద్ధి చేయలేదు, నగరం దాటించి దిగువన నదిలో వదిలాయి అంతే. 1878 సెప్టెంబర్ 3న ప్రిన్సెస్ అలిస్ అనే పడవ సరిగ్గా ఆ మురుగు కలిసే చోటికి దగ్గర్లో మునిగింది. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఆ నీళ్లలో పడ్డవాళ్లు ఎలాంటి స్థితిలో చనిపోయారో విన్నాక, దిగువకు పంపడం పరిష్కారం కాదని లండన్ గ్రహించింది. పదేళ్లలోపే బురదను వేరుచేసే పని మొదలైంది.

న్యూయార్క్ ఇంకో పాఠం చెప్పింది. ఆ నగరం తాగే నీళ్లు చాలావరకు ఎగువన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తాయి. వందల కోట్ల డాలర్లు పోసి వడపోత కేంద్రం కట్టే బదులు, 1997లో నగరం ఆ కొండల ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. రైతులు పశువుల పెంటను నీళ్లలోకి పోనివ్వకుండా ఏర్పాట్లు చేసుకోవడానికి, పల్లెల మోరీలు బాగుచేయడానికి నగరమే డబ్బు పెట్టింది. తన నీటికి మూలమైన పల్లెలు తనలో భాగమేనని ఒక మహానగరం ఒప్పుకోవడం అది. ఎగువ ఊళ్లకు వర్తించిన ఆ న్యాయం దిగువ ఊళ్లకూ వర్తించాలి.

కలపాల్సినవి, విడగొట్టాల్సినవి

ఇప్పుడు మొదటి లెక్కకు తిరిగి వద్దాం. నూరు సూర్యాపేటలు కలిస్తే లాభం వచ్చే పనులున్నాయి: పరిశోధనశాల, పెద్దాసుపత్రి, మెట్రో రైలు, నీటి పైపు. ఇవి కలవాలి. కలిస్తే నష్టం తెచ్చేవీ ఉన్నాయి. వాటిలో మొదటిది చెత్త, రెండోది మురుగు.

ఈ సంగతి మా సూర్యాపేటకు ఇరవై ఏళ్ల కిందటే తెలుసు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధుల్లోని చెత్తకుండీలను తీసేయించారు. ఇంటింటి దగ్గరే తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకునే పద్ధతి పెట్టారు. తడిది వానపాములతో ఎరువైంది, పొడిది అమ్ముడుపోయింది. చెత్త కుప్ప లేని పట్టణంగా సూర్యాపేట పేరు దేశంలోని ఇతర మున్సిపాలిటీలకు పాఠమైంది. ఇందులో పెద్ద యంత్రాలేమీ లేవు. చెత్త కలవకముందే విడగొట్టారు, అంతే. కలిశాక విడగొట్టడం ఎంత కష్టమో జవహర్‌నగర్ చెత్తకొండ పట్నానికి రోజూ చెబుతూనే ఉంది.

మురుగుదీ అదే కథ. పరిశ్రమ రసాయనం ఇళ్ల మురుగుతో కలవకముందే ఆగితే, ఇళ్ల మురుగు మంచి ఎరువు నీరు. కలిసిందా, రెండూ చెడతాయి. అందుకే పరిశ్రమ వ్యర్థానికి ప్రహరీ లోపలే శుద్ధి జరగాలి. ఇళ్ల మురుగును నగరం ఒక చివరికి తోసుకుపోకుండా వార్డుకో కాలనీకో చిన్న కేంద్రాల్లో శుద్ధి చేసి, పార్కులకూ కట్టడాలకూ అక్కడే వాడుకోవాలి. మిగిలింది శుభ్రంగా కిందికి రావాలి. ఇజ్రాయెల్ తన మురుగునీటిలో ఎనభై శాతానికి పైగా శుద్ధి చేసి పొలాలకు పారిస్తోంది. మనకూ ఏడాదికి 21 టీఎంసీలు అందులో సగం శుభ్రతతో వచ్చినా, కరువు ఏడాదిలో కూడా ఎండిపోని నది మనకుంటుంది. వానల మీద ఆధారపడని నీటి వనరు ఈ ప్రాంతంలో ఇంకొకటి లేదు. పట్నం పెరగడం వల్ల మనకు రాగల అతిపెద్ద మేలు ఇదే.

మూసీ తీరాన్ని అందంగా తీర్చిదిద్దడానికి 2017లో ఒక సంస్థ ఏర్పడింది. నగరంలోని 55 కిలోమీటర్ల తీరం కోసం ప్రణాళికలు వచ్చాయి. తీరం అందంగా ఉంటే సంతోషమే. కానీ నదికి నగరం అవతల దానికంటే ఎంతో పొడవైన బతుకుంది. ఒడ్డున లైట్లు పెట్టి నీళ్లను అలాగే వదిలితే, ముఖానికి పౌడరు రాసి జ్వరాన్ని వదిలేసినట్టే.

కాబట్టి పట్నం నడిపేవారికి, మూసీ దిగువన బతికే మనకు ఒక కొలబద్ద కావాలి. సోలిపేటలో, వాడపల్లిలో ప్రతి నెలా నీటిని పరీక్షించాలి. ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత, మందుల అవశేషాలు ఎంత అన్నది తెలుగులో రాసి పంచాయతీ గోడ మీద పెట్టాలి. రైతుకు అర్థమయ్యే అంకెను ఏ అధికారీ దాచలేడు. పట్నం నీటి బిల్లులో చిన్న భాగం దిగువ ఊళ్ల కత్వల మరమ్మతుకూ తాగునీటికీ చట్టప్రకారం రావాలి. బడిపిల్లలు సైన్సు పాఠంగా ఆ అంకెలను ఏటా గీతలు గీసి చూడాలి.

మహానగరం పెద్దది కావడం నేరం కాదు. మన పిల్లల చదువులు, మన రోగులకు మందులు, మన వడ్లకు ధర అక్కడి నుంచే వస్తున్నాయి. కానీ సాగర్ నుంచి శుభ్రంగా తీసుకున్న నీటిని వాడపల్లిలో శుభ్రంగా అప్పగించనంత కాలం హైదరాబాద్‌ను విశ్వనగరమని పిలవలేం. ఈసారి సంగమానికి వెళ్లినప్పుడు మునక వేసే ముందు మూసీ వైపు నీటిని ఒక దోసిలి తీసుకుని చూడండి. పట్నం ఎంత ఎదిగిందో చెప్పేది ఆ దోసిలే.